‘రెండే పెగ్గులు’ అంటే ఎన్ని?

పోయిన నెల ఫ్యాటీ లివర్ మీద రాసిన జవాబులో ఒక మాట అన్నాను. "మందు తాగేవాళ్లు ముందు తమ పెగ్గు ఎంతో కొలుచుకోండి" అని. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు షుగర్ మీద రాసినప్పుడు కూడా రాలేదు. సగం మంది డాక్టరై ఉండి తాగమంటారా అని తిట్టారు. మిగతా సగం మంది అసలు ఎంత వరకు తాగొచ్చో తేల్చి చెప్పమన్నారు. అందుకని ఈ నెల పేజీ మొత్తం మందుకే ఇచ్చేశాను. మోకాళ్ల నొప్పుల వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

*

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 66. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. ఇరవై ఏళ్లుగా రాత్రిపూట రెండే రెండు పెగ్గుల విస్కీ అలవాటు. ఏనాడూ తూలలేదు, ఎవరినీ ఒక మాట అనలేదు. ఆదివారం తెచ్చిన ఫుల్ బాటిల్ గురువారం రాత్రికి అయిపోతుంది, శుక్రవారం మళ్లీ తెచ్చుకుంటాను. కాస్త వేరుశనగపప్పు, ఉల్లిపాయ ముక్కలు నంజుకుంటే కడుపు నిండిపోతుంది, చాలా రోజులు అన్నం తినను. బీపీకి రెండు మాత్రలు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. అయినా బీపీ 150 దిగడం లేదు. మా డాక్టరు మందు పూర్తిగా మానెయ్యమంటున్నారు. మగవాళ్లు రోజుకు రెండు డ్రింకుల దాకా తీసుకోవచ్చని అమెరికా వాళ్లే చెప్పారని మా అల్లుడు ఫోన్లో చూపించాడు. ఆ లెక్కన నేను పరిమితిలోనే ఉన్నట్టు కదా? – తెనాలి

జవాబు: మాస్టారూ, జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీరు లెక్క వెయ్యలేదంతే.

ఫుల్ బాటిల్ అంటే 750 మిల్లీలీటర్లు. ఆదివారం నుంచి గురువారం దాకా అయిదు రాత్రులు. రోజుకు 150. రెండు పెగ్గులంటున్నారు కాబట్టి మీ పెగ్గు 75 మిల్లీలీటర్లు. బారులో స్మాల్ అంటే 30, లార్జ్ అంటే 60. మీది లార్జ్ కన్నా పెద్దది. మీ తప్పేం లేదు, ఇంట్లో గాజు గ్లాసులో కంటి అంచనాతో పోస్తే అందరి చెయ్యీ అంతే వంగుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ముల సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. అంటే వంద మిల్లీలీటర్లలో 42.8 మిల్లీలీటర్లు అసలు ఆల్కహాల్. ఆల్కహాల్ నీటికన్నా తేలిక, మిల్లీలీటరు 0.79 గ్రాములే తూగుతుంది. 30 మిల్లీలీటర్ల స్మాల్ పెగ్గుకు ఈ లెక్క వేస్తే దాదాపు 10 గ్రాములు వస్తుంది. ఈ పది గ్రాముల్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ‘డ్రింక్’ కింద లెక్కేస్తుంది. మీ 150కి 50 గ్రాములు దాటుతుంది. అంటే మీరు రోజుకు రెండు కాదు, అయిదు డ్రింకులు తాగుతున్నారు.

అల్లుడు గారు చూపించింది అబద్ధం కాదు. అమెరికా వాళ్లు చాలా ఏళ్లు మగవాళ్లకు రెండు, ఆడవాళ్లకు ఒకటి అనే చెప్పారు. అయితే వాళ్ల డ్రింక్ 14 గ్రాములు. రెండు కలిపి 28 గ్రాములు, మన విస్కీలో 83 మిల్లీలీటర్లు. అదీ అంతకు మించొద్దని చెప్పిన గీత, రోజూ అంత పుచ్చుకొమ్మని రాసిన చీటీ కాదు. మీరు దానికి దాదాపు రెట్టింపులో ఉన్నారు.

ఇతర దేశాల వాళ్ల లెక్కలు కూడా చెబుతాను, అల్లుడు గారికి చూపించండి. బ్రిటన్ 2016 నుంచి ఆడా మగా తేడా లేకుండా వారానికి 14 యూనిట్లు దాటొద్దంటోంది. వాళ్ల యూనిట్ 8 గ్రాములు. మన విస్కీలోకి మారిస్తే వారం మొత్తానికి 327 మిల్లీలీటర్లు, ఒక హాఫ్ బాటిల్ కన్నా తక్కువ. ఆస్ట్రేలియా 2020లో వారానికి పది డ్రింకులు, ఏ ఒక్క రోజూ నాలుగు దాటకుండా అంది. వాళ్ల డ్రింక్ కూడా మన స్మాల్ పెగ్గులాగే పది గ్రాములు. కెనడా నిపుణులు 2023లో ఇంకా కిందకి దించి, ముప్పు తక్కువగా ఉండాలంటే వారానికి రెండు డ్రింకులు చాలన్నారు. అంటే మన నైంటీ (90 మిల్లీలీటర్లు) కూడా కాదు, వారం మొత్తానికి! మీది వారానికి 350 గ్రాములు దాటుతుంది. బ్రిటన్ గీతకు మూడింతలు.

దేశానికో లెక్క ఉంటే ఎవర్ని నమ్మాలని అడుగుతారేమో. ఇవన్నీ గోడలు కావు, ముప్పు ఎంత దాకా భరించొచ్చని ఒక్కొక్కరు గీసుకున్న గీతలు. ఇంత దాకా అసలు హాని లేదని చెప్పే గీత ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం స్పష్టంగానే అంది. ఆల్కహాల్ క్యాన్సర్ తెస్తుందని తేల్చి, ఆ సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని పొగాకు ఉన్న జాబితాలో చేర్చింది 1988లోనే. ఇప్పటికి తేలిన చోట్లు: నోరు, గొంతు, అన్నవాహిక, లివరు, పెద్దపేగు, ఆడవాళ్లకు రొమ్ము. కొద్దిగా తాగితే గుండెకు మంచిదనే మాట మా కాలేజీ రోజుల్లో మాకూ చెప్పారు. ఆ పాత లెక్కల్లో ఒక లోపం ఉంది. ‘అసలు తాగనివాళ్లు’ అని పక్కన కూర్చోబెట్టిన గుంపులో, జబ్బు చేసి తాగుడు మానేసినవాళ్లు కూడా కలిసిపోయారు. వాళ్లతో పోలిస్తే రోజుకో గ్లాసు వైను తాగేవాళ్లు ఆరోగ్యంగానే కనిపిస్తారు మరి!

ఇక మీ సంగతి. 150 దగ్గర ఆగిపోయిన బీపీకి మూడో మాత్ర అక్కర్లేదేమో, తాగుడు తగ్గిస్తే చాలా మందికి కొన్ని వారాల్లోనే కిందకి దిగుతుంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదా? ఉత్తరంలో రాయలేదు గానీ ఉండి ఉంటుందనుకుంటున్నాను. మందు తొందరగా పడుకోబెట్టి, తెల్లవారుజామున లేపేస్తుంది.

నాకు అన్నిటికన్నా భయం వేసింది అన్నం తినననే మాటకు. గ్లిమిపిరైడ్ షుగర్‌ని దించుతుంది. కడుపులో తిండి లేనప్పుడు మనల్ని కాపాడేది లివరు, అది దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఒంట్లో ఆల్కహాల్ ఉన్నప్పుడు లివరు ఆ పని సరిగా చెయ్యలేదు. అర్ధరాత్రి షుగర్ పడిపోతే చెమటలు పడతాయి, మాట ముద్దగా వస్తుంది, మనిషి తికమకగా ఉంటాడు. ఇంట్లోవాళ్లు ‘ఇవాళ కాస్త ఎక్కువైంది, పడుకోనివ్వండి’ అనుకుంటారు. అలా పడుకోనిచ్చిన ఒకాయన్ని తెల్లారి స్పృహ లేకుండా మా దగ్గరికి తెచ్చారు. గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి కూర్చున్నాడు, అదృష్టం. మీ ఆవిడకు ఈ పేరా ఒక్కటి చదివి వినిపించండి.

మానెయ్యమని మీ డాక్టరు చెప్పింది మీ విషయంలో సరైన మాటే. కానీ రోజుకు 50 గ్రాములు ఇరవై ఏళ్లు తాగిన ఒళ్లు ఒక్కసారిగా ఆపితే ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా, చెమటలు పడుతున్నాయా చూసుకుని ఆ మాట మీ డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పిన వరసలో తగ్గించండి. ఇవాళే చెయ్యగలిగింది ఒకటుంది. సీసా తెరిచిన తేదీ లేబుల్ మీద పెన్నుతో రాయండి. లెక్కల మాస్టారికి అంతకు మించి నేను చెప్పేదేముంది?

మీకు నీతులు చెప్పే అర్హత నాకు పెద్దగా లేదు కూడా. ఖమ్మంలో డ్యూటీ చేసిన రోజుల్లో రాత్రి క్వార్టర్స్‌కు వచ్చాక నాకూ రెండు పెగ్గులుండేవి. పేషెంట్లను ‘రోజుకు ఎంత’ అని అడిగి కేస్ షీట్‌లో రాసేవాణ్ణి. ఒక రాత్రి ఎందుకో, నేను పోసుకున్న గ్లాసులోది 50 మిల్లీలీటర్ల సిరంజితో లాగి చూశాను. ఒకసారి నిండింది, రెండోసారి 35 దగ్గర ఆగింది. 85. రెండు పెగ్గుల మనిషిననుకున్నవాణ్ణి, నిజానికి ఆరు డ్రింకుల మనిషిని. ఆ తర్వాత నుంచి నా టేబుల్ మీద ఒక స్టీలు గ్లాసు, మంచినీళ్ల సీసా, ఆ సిరంజి ఉంటాయి. లిమిట్‌లోనే తాగుతాననే పేషెంటుతో ‘మీ పెగ్గు ఇందులో పొయ్యండి’ అంటాను. ఇన్నేళ్లలో 30 దగ్గర ఆపినవాడు ఒక్కడు కనబడలేదు. ఒకాయన గ్లాసు సగానికి పోసి, నా మొహం చూసి, కొంచెం తిరిగి సీసాలోకి ఒంపేశాడు.

సారా రోజుల్లో ఈ గొడవ లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడేనాటికి నేను హౌస్ సర్జన్‌ని. రోజుకు ఎంత అని అడిగితే ‘నాలుగు ప్యాకెట్లు సార్’ అని టక్కున చెప్పేవాళ్లు. ప్యాకెట్ కొలత కంపెనీది. పెగ్గు కొలత ఎవరి చేతిది వాళ్లదే.

*

ప్రశ్న: సార్, మా ఆయన మిగతా మగవాళ్లలా రోజూ తాగరు. వారమంతా ముట్టుకోరు. ఆదివారం మధ్యాహ్నం కోడికూర వండుతాను, ఆ పూట మాత్రం ఒక క్వార్టరు, ఒక స్ట్రాంగ్ బీరు. సాయంత్రం దాకా పడుకుంటారు. ‘వారానికి ఒక్కసారే కదే’ అంటారు. నిజంగానే ఫర్వాలేదా? – తణుకు

జవాబు: అమ్మా, క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు, 60 గ్రాములు. ఒక్క కూర్చోవడంలో 60 గ్రాములకు చేరితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ‘అతిగా తాగడం’ కింద రాసుకుంటుంది. ‘క్వార్టరే కదా’ అని మనవాళ్లు తేలిగ్గా తీసేసే సీసా సరిగ్గా ఆ గీత మీద ఉంది. స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా, ఎనిమిది శాతం దాకా ఉంటుంది, ఇంకో 40 గ్రాములు. బీరును మనవాళ్లు మందులో లెక్కెయ్యరు గానీ ఆ ఒక్క సీసా నాలుగు స్మాల్ పెగ్గులకు సమానం. మొత్తం వంద గ్రాములు. బ్రిటన్ వాళ్లు వారం మొత్తానికి పెట్టిన 112లో దాదాపు అంతా మీ ఆయన మధ్యాహ్నం భోజనంలోపే ముగిస్తున్నారు. వారం లెక్కలో పాసైనా, పూట లెక్కలో తప్పినట్టే.

ఇలా ఒక్కసారిగా పట్టించేవాళ్లకు గుండె లయ తప్పడం డాక్టర్లు ఎప్పటి నుంచో చూస్తున్నారు. సెలవుల్లో తాగి, తర్వాత గుండె దడతో వచ్చేవాళ్లను బట్టి అమెరికాలో దానికి ‘హాలిడే హార్ట్’ అని పేరే పెట్టారు. పాంక్రియాస్ (క్లోమం) వాచి కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చేవాళ్లలో కూడా ఈ ఆదివారం బ్యాచి వాళ్లున్నారు. ఆయన్ని మానమంటే ఎలాగూ వినరు కాబట్టి బేరం ఇలా పెట్టండి: బీరు తీసెయ్యాలి, క్వార్టరు రెండు ఆదివారాలకు రావాలి, కూర ముందు, గ్లాసు తర్వాత. కోడికూర మీ చేతిలో ఉంది కదా!

*

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, వయసు 29. టీమ్ పార్టీల్లో రెండు గ్లాసుల వైన్ తీసుకుంటాను. నా పక్కన కూర్చునే అబ్బాయి నాలుగు తాగినా మామూలుగానే ఉంటాడు, నాకు రెండుకే తల తిరుగుతుంది. నా బాడీలో ఏదైనా ప్రాబ్లమా? – పేరు వద్దు

జవాబు: ప్రాబ్లమ్ ఏమీ లేదు తల్లీ, నీ ఒళ్లు నిజం చెబుతోంది. ఆల్కహాల్ ఒంట్లోని నీళ్లలో కలుస్తుంది. అదే బరువున్న మగవాడితో పోలిస్తే ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ, కడుపులో ఆల్కహాల్‌ని విరిచే ఎంజైమూ తక్కువ. అదే గ్లాసుకు నీ రక్తంలో ఎక్కువ చిక్కగా తేలుతుంది. 150 మిల్లీలీటర్ల వైన్ గ్లాసులో 14 గ్రాములుంటుంది, రెండు తాగితే దాదాపు మూడు స్మాల్ పెగ్గులు.

నాలుగు తాగినా మామూలుగా ఉన్న ఆ అబ్బాయి గురించే నాకు బెంగ. తట్టుకోవడం అంటే ఒళ్లు అలవాటు పడిందని. లివరుకు తట్టుకోవడమంటూ ఉండదు, అది ప్రతి గ్రామునూ లెక్కపెడుతుంది. ఇంకోటి, రొమ్ము క్యాన్సర్ ముప్పు రోజుకు ఒక్క డ్రింకు అలవాటున్న ఆడవాళ్లలో కూడా పెరుగుతుంది. ఎప్పుడో పార్టీకి ఒక గ్లాసు వేరు, శుక్రవారం వచ్చిందంటే సీసా తెరవడం వేరు. పిల్లల కోసం అనుకుంటున్న నెల నుంచి మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు.

*

ప్రశ్న: డాక్టర్ సాబ్, ఈత కల్లు చెట్టు నుంచి వచ్చేది, అందులో కెమికల్స్ ఉండవు, ఒంటికి సలువ అంటరు. నేను రోజూ రెండు సీసాలు తాగుత. దీనికి కూడా లిమిట్ ఉంటదా? – జనగామ జిల్లా

జవాబు: చెట్టు నుంచి వచ్చేటప్పుడు అది కల్లు కాదు, నీరా. తియ్యగా ఉంటుంది, మత్తుండదు. లొట్టిలో పడ్డ నిమిషం నుంచి పులియడం మొదలవుతుంది, పొద్దెక్కేకొద్దీ ఘాటెక్కుతుంది. బాగా పులిసిన సాయంత్రం కల్లు మామూలు బీరుకు దగ్గరగా ఉంటుంది. అయిదు శాతం అనుకుని లెక్కేస్తే బీరు సీసాడు కల్లుకు 25 గ్రాములు, రెండు సీసాలకు 50. పైన మాస్టారి విస్కీ ఎంతో మీ కల్లూ అంతే.

అదీ అది నిజంగా చెట్టు కల్లు అయినప్పుడు. మీ ఊళ్లో గీసే మనిషి మీకు తెలిసి, మీ కళ్ల ముందు దించితే సరే. కాంపౌండులో పొద్దున, సాయంత్రం, ఎండాకాలం, వానాకాలం ఒకే రుచి, ఒకే మత్తు ఉన్న కల్లు ఇస్తే అనుమానించండి. ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు తెలంగాణలో ఎన్నోసార్లు పట్టుబడింది. దాని పరీక్ష చాలా తేలిక. ఎప్పుడైనా ఒక రోజు కల్లు దొరకనప్పుడు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. నిద్ర రాకపోయినా, ఒళ్లు వణికినా, పిచ్చి పిచ్చి మాటలు వచ్చినా, మీరు తాగుతున్నది కల్లు ఒక్కటే కాకపోవచ్చు. అప్పుడు సొంతంగా మానొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. డాక్టరుతో ‘మందు’ అని ఊరుకోక, ‘కల్లు’ అని తప్పకుండా చెప్పండి. వైద్యం మారుతుంది.

*

ప్రశ్న: అయ్యా, మా ఇంటాయన రోజూ తాగుతారు, ఈ మధ్య పొద్దున కూడా మొదలుపెట్టారు. కానీ ప్రతి ఏడూ అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. ‘బానిసనైతే మానగలనా’ అని ఎదురడుగుతారు. ఈసారి మాల వేసుకున్న రెండో రోజు చేతులు వణికి హారతి పళ్లెం జారిపోయింది. మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని దులపడం మొదలుపెట్టారు. గాలి సోకిందని ఒకరు, స్వామి పరీక్ష అని ఒకరు అన్నారు. తాయెత్తు కట్టించాం, వారానికి తగ్గింది. వచ్చే ఏడు ఏం చెయ్యమంటారు? – కావలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తగ్గింది మీ అదృష్టం. అందరికీ తగ్గదు.

రోజూ బాగా తాగే మనిషి మెదడు ఆ మత్తుకు ఎదురీదుతూ బతకడం నేర్చుకుంటుంది. ఒక్కరోజులో మందు ఆగిపోతే, ఈత మాత్రం ఆగదు. మొదటి రోజు వణుకు, చెమటలు, దడ, నిద్ర లేమి. రెండు రోజుల్లోపు మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడతాయి, ఎక్కువగా చీమలు, పురుగులు, పాములు. జ్వరం వస్తుంది, గుండె పరిగెడుతుంది, మనిషి ఎక్కడున్నాడో తెలియదు. వైద్యం లేకపోతే కొందరు చనిపోతారు కూడా. మీ ఆయనకు వచ్చింది అదే, గాలి కాదు. కార్తీకమాసంలో మాల వేసిన రెండో మూడో రోజున నల్ల బట్టలతో వణుకుతూ వచ్చే స్వాముల్ని ప్రతి ఏడూ నలుగురైదుగురిని చూస్తాను. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడితే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు కట్టిన వరస ఈ జబ్బుదే.

దీనికి వైద్యం ఉంది, అయిదారు రోజుల పని. మెదడును నెమ్మదింపజేసే మాత్రలు రోజురోజుకూ తగ్గిస్తూ ఇస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు వేస్తారు. బి1 ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ బాటిల్ ఎక్కించమని ఆర్‌ఎంపీని అడగొద్దు, అది కొందరికి మెదడును దెబ్బతీస్తుంది.

వచ్చే ఏడు మాలకు పదిహేను రోజుల ముందే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడే మందు ఆపించి, ఒళ్లు కుదుటపడ్డాక మాల వేయించండి. గురుస్వామి గారికి కూడా ముందే చెప్పండి. మందు వ్యసనం మీద ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ ఫోన్ నంబరు 14446. మనసు బాగోకపోతే 14416, అది టెలి మానస్, తెలుగులోనూ మాట్లాడతారు. అది మీకోసం కూడా.

ఆయన ప్రశ్నకు జవాబు మీరు చెప్పకండి, ఇది చదివించండి. స్వామీ, 41 రోజులు మానగలరని ఎవరికీ అనుమానం లేదు. మండలం పాటు నిలబడ్డ మనిషికి గట్టి మనసుంది. నేనడిగేది 42వ రోజు గురించి. కొండ దిగి మాల తీసిన సాయంత్రం ఎక్కడున్నారు? పొద్దున లేచి వణుకు ఆపుకోవడానికి తాగుతున్నారా? తగ్గించాలని ఎప్పుడైనా అనుకున్నారా? ఎవరైనా తాగుడు మాట ఎత్తితే చిరాకు పడ్డారా? తాగినందుకు సిగ్గుపడ్డారా? వీటిలో రెండింటికి అవునంటే, పెగ్గులు కొలుచుకునే పేజీ మీది కాదు. మీలాంటి వారికి లిమిట్ అంటే సున్నా. నలభై రోజుల తర్వాత పాత కొలతతో మళ్లీ మొదలుపెడితే ఒళ్లు దాన్ని పాతలా తట్టుకోదు కూడా, అది గుర్తుంచుకోండి.

*

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు. జలుబు చేస్తే మా అత్తగారు వేడినీళ్లలో రెండు చుక్కల బ్రాందీ పట్టమంటున్నారు. పట్టొచ్చా? – శ్రీకాకుళం

జవాబు: వద్దు. బాలింతకూ వద్దు. అత్తగారి మీద కోపం పెట్టుకోకండి, వాళ్లమ్మ వాళ్లకు అదే పట్టింది. చిన్నపిల్లల లివరుకు దాన్ని విరిచే శక్తి అంతగా ఉండదు, షుగర్ కూడా పడిపోవచ్చు. ముక్కులో ఉప్పునీటి చుక్కలు, తల్లిపాలు, గది వెచ్చగా ఉంచడం చాలు. బ్రాందీ సీసా మీ మామగారికి తిరిగి ఇచ్చెయ్యండి.

*

ప్రశ్న: నేను క్యాబ్ డ్రైవర్‌ని. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి పన్నెండులోపు హాఫ్ పూర్తి చేసి పడుకుంటాను, పొద్దున ఆరుకు బండి తీస్తాను. ఒకసారి పొద్దున చెకింగ్‌లో దొరికాను. తాగింది రాత్రి కదా, ఎలా దొరుకుతుంది? నిమ్మకాయ నీళ్లు, బ్లాక్ కాఫీ తాగితే దిగదా? – సూర్యాపేట

జవాబు: హాఫ్ అంటే 375 మిల్లీలీటర్లు, 127 గ్రాములు. లివరు గంటకు ఏడెనిమిది గ్రాములకు మించి కష్టం మీద గానీ విరచలేదు, అంటే ఒక స్మాల్ పెగ్గుకు గంటకు పైనే. నిమ్మకాయ, కాఫీ, చన్నీళ్ల స్నానం, పెరుగు, ఏదీ ఆ వేగం పెంచదు. కాఫీ తాగితే నిద్రమత్తు వదిలిన తాగుబోతు తయారవుతాడు, అంతే. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా తొమ్మిది గంటల్లో 70 గ్రాములు పోయాయనుకుందాం. ఇంకా 50కి పైనే మిగిలింది. అంటే అప్పుడే క్వార్టరుకు దగ్గరగా తాగి స్టీరింగ్ పట్టుకున్నట్టు.

చట్టం ఒప్పుకునేది వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దాకా. 70 కిలోల మనిషి ఒక్క లార్జ్ కొట్టి వెంటనే బండెక్కినా అది దాటిపోవచ్చు. మొదటిసారి దొరికితే పది వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. డ్యూటీ ఉన్న రోజు ముందు రాత్రి సీసా తెరవకండి. రోజూ హాఫ్ అయితే మాత్రం పైన కావలి అమ్మకు రాసిన జవాబు మీకూ వర్తిస్తుంది. మానేముందు డాక్టరును కలవండి, ఆ వారం బండి వేరేవాళ్లకు ఇవ్వండి.